పిట్టకు కట్టిన కుచ్చులు

అమీర్‌పేటలో బ్లౌజులు కుట్టడం మొదలుపెట్టి పద్దెనిమిదేళ్ళు. ఇన్నేళ్ళలో తప్పు నాదని ఒక్క కస్టమర్ దగ్గర కూడా ఒప్పుకోలేదు. బ్లౌజు బిగుతైతే ఆవిడ లావైంది, వదులైతే ఆవిడ చిక్కింది, చేయి పట్టేస్తే ఆవిడ భుజమే అంత. ఈ పనిలో టేపు తరవాత కావలసింది మొండితనమే.

అలాంటి నాకు ఒక పిట్ట తగులుకుంది. పై అంతస్తులో అద్దెకుండే ఒకావిడ ఇల్లు మారుతూ, పది రోజుల్లో వచ్చి తీసుకుపోతానని తన కాకటీల్‌ను, అదే మాటలు నేర్చే చిన్న చిలకజాతి పిట్టను, పంజరంతో సహా నా షాపులో పెట్టి వెళ్ళింది. బూడిదరంగు ఒళ్ళు, పసుపు తల, నెత్తిన నిలబడ్డ జుట్టు, ఎవరో గిల్లినట్టు బుగ్గల మీద ఎర్రటి మచ్చలు. బ్లౌజు ఇచ్చినవాళ్ళు ఎలాగైనా తిరిగొస్తారు. ఈవిడ రాలేదు, ఫోను కూడా ఎత్తలేదు.

కొన్ని నెలలకు పిట్ట "అక్కా, అయిందా?" అనడం నేర్చుకుంది. నా షాపులో అంతకన్నా ఎక్కువగా వినబడే మాట లేదు మరి. బోనాల ముందు ఆడవాళ్ళంతా మీద పడుతుంటే, వెనక నుంచి ఇది కూడా "అక్కా, అయిందా?" అంటే పీక పిసకాలనిపించేది. కానీ పొద్దున షట్టర్ ఎత్తాక ఆ గొంతు వినకపోతే నాకు మిషను మీద కాలు ఆడేది కాదు.

తరవాత అది తన ఈకలు తనే పీక్కోవడం మొదలుపెట్టింది. రొమ్ము మీద రూపాయి బిళ్ళంత బోడి. పంజాగుట్టలో పిట్టలను చూసే డాక్టరు ఒకాయన ఉంటే తీసుకుపోయాను.

"దానికి బోర్ కొడుతోందమ్మా. కొరకడానికి తాడుతో ఏవైనా బొమ్మలు చేసి కట్టండి. ప్లాస్టిక్ తాడు మాత్రం వద్దు," అన్నాడు. ఇంకా ఏదో చెప్పబోయాడు కానీ నేను అప్పటికే లేచాను. మగ్గాల ఊళ్ళో పుట్టినదాన్ని. తాడు గురించి నాకు ఇంకొకరు చెప్పాలా?

ఆ సాయంత్రమే పరీక్ష పెట్టాను. దారం ఏ రకమో తేల్చడానికి మావాళ్ళు కొస కాల్చి వాసన చూస్తారు. ఇంట్లో ఉన్న తెల్లతాడు కాలిస్తే ముడుచుకుని నల్లటి గుండై ప్లాస్టిక్ కంపు కొట్టింది. హార్డ్‌వేర్ షాపు జనపతాడు కాల్చకముందే కిరోసిన్ వాసన. బల్కంపేట గుడి దగ్గర కొన్న ఎర్రదారం తడిగుడ్డతో తుడిస్తే గుడ్డంతా ఎరుపైంది. చివరికి నూలుతాడు మాత్రం కాగితంలా మండి, వేళ్ళతో నలిపితే మెత్తటి బూడిదై రాలింది. అసలు సిసలు నూలు. నేను గెలిచాను.

మా బాపు పక్కన కుర్చీలో కూర్చుని ఇదంతా చూస్తున్నాడు. నలభై ఏళ్ళు మగ్గం నేసి, మోకాళ్ళు పట్టేశాక నా దగ్గరికి వచ్చి, ఇప్పుడు నా బ్లౌజులకు హుక్కులు కుడుతున్నాడు.

"కొబ్బరి తాడు కట్టరాదే బిడ్డా," అన్నాడు.

"పిట్టకా, బర్రెకా?" అన్నాను.

"నూలు మెత్తగుంటది. కొరికితే పోగులు లేస్తయి. కాలికి చుట్టుకుంటయి, కడుపుల సుత పోతయి."

"నాకు చెప్తున్నవా బాపు? పొద్దున లేస్తే దారంతోనే గదా నా బతుకు."

తాడుకు చెక్కపూసలు గుచ్చాను. అంతటితో ఆగితే నేను నేనెందుకవుతాను? చీర కొంగుకు కుచ్చులు వేయడంలో మా సందులో నన్ను మించినవాళ్ళు లేరు. తాడు కొసలు విప్పి, పోగు పోగూ దువ్వి, మూడు వరుసల కుచ్చులు వేశాను. పెళ్ళి చీరకు వేసే రకం. పంజరంలో వేలాడదీసి, ఫొటో తీసి స్టేటస్ పెట్టాను.

"దీనికేమన్న పెండ్లా?" అన్నాడు బాపు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఒకావిడకు కొలతలు తీస్తుంటే పంజరంలో టపటపమని రెక్కల చప్పుడు. తిరిగి చూస్తే పిట్ట తలకిందులుగా వేలాడుతోంది. కుచ్చు పోగులు దాని కాలివేలికి చుట్టుకున్నాయి, గుంజుకున్నకొద్దీ బిగుస్తున్నాయి. కత్తెర అందుకున్నాను. కత్తెర మొన దూరడానికి దారానికీ వేలికీ మధ్య చోటే లేదు.

"జరుగు," అన్నాడు బాపు. తాడు పైన కోసి, పిట్టను తువ్వాలలో చుట్టి ఒడిలో పెట్టుకున్నాడు. "లైటు పట్టు." మగ్గం మీద తెగిన పోగులను వెతికి అతికిన వేళ్ళు ఆయనవి. సూదితో ఒక్కో పోగునూ పైకి లేపి తెంపాడు. పిట్ట ఆయన బొటనవేలు కొరికి రక్తం తెచ్చింది. ఆయన వేలు వెనక్కి తీసుకోలేదు. చివరి పోగు తెగాక చూస్తే పిట్ట వేలు వంకాయ రంగుకు తిరిగింది.

పంజాగుట్ట దాకా ఆటోలో ఏడుస్తూనే ఉన్నాను, మధ్యమధ్య సిగ్నల్‌ను తిడుతూ. వేలు ఉంటుందో పోతుందో రెండు రోజులాగితే గానీ చెప్పలేనన్నాడు డాక్టరు. కుచ్చుల సంగతి చెబితే, "ఆ రోజు అదే చెప్పబోయానమ్మా," అన్నాడు. అంతకన్నా చెంప మీద కొట్టినా బాగుండేది.

వేలు నిలిచింది, గోరు పోయింది. దాంతోపాటు మాట కూడా పోయింది. దగ్గరికి వెళ్తే పిట్ట మూలకు జరిగి నా చేతుల వంకే చూసేది. అమీర్‌పేట ఆడవాళ్ళంతా మెచ్చుకునే చేతులు. సిగ్గేసింది, చెప్పొద్దూ.

బాపు ఆ మోకాళ్ళతోనే బస్సెక్కి బోరబండ పోయి, కొత్త బిల్డింగుల దగ్గర కర్రలకు కట్టే కొబ్బరి తాడు తెచ్చాడు. నూనె లేదు, రంగు లేదు. కడిగి, ఎండబెట్టి, పొట్టి ముక్కలు చేసి, కొసలు ముడివేసి కట్టాడు. రోజూ సాయంత్రం కళ్ళజోడు పెట్టుకుని లేచిన పీచు కత్తిరిస్తాడు, ముక్క చివికితే పారేస్తాడు. చూడడానికి అరిగిన చీపురులా ఉంటుంది. పిట్ట మాత్రం దాన్ని వదలదు. బోడి రొమ్ము మీద నూగు కూడా మొలిచింది.

మొన్న ఒకావిడ బిగుతైన బ్లౌజు పట్టుకుని పోట్లాటకు వచ్చింది. నేను నా మామూలు మాట అందుకోబోతుంటే, వెనక నుంచి పిట్ట, "అక్కా, అయిందా?" అంది. ఎన్ని రోజులకో విన్న గొంతు. నాకు కళ్ళు నిండిపోయాయి. టేపు అక్కడే పడేసి పంజరం దగ్గరికి పోయి, "తప్పు నాదేరా, నాదే," అన్నాను, షాపులో అందరూ వినేలా. బాపు కుడుతున్న హుక్కు ఆపి నా వంక చూశాడు.

బ్లౌజు ఆవిడ ముఖం వెలిగిపోయింది. "ఒప్పుకున్నవ్ గదక్కా, మరి విప్పి కుట్టు."

"మీది వేరే," అన్నాను కళ్ళు తుడుచుకుంటూ. "మీరు లావైన్రు."