చర్మానికి తగలనివ్వకు

మా మేనత్త పోయిందని అన్నయ్య ఫోన్ చేసినప్పుడు నేను తణుకులో బస్సు దిగుతున్నాను. మొదట నమ్మలేదు. "ఎవరు చెప్పారు? నువ్వు కళ్ళారా చూశావా?" అని అడిగాను. అడిగాక గానీ తెలియలేదు, ఆ మాటలు నావి కావని. ఏ కబురు విన్నా మా అత్త అడిగే మొదటి ప్రశ్నలవి.

అంత అనుమానం మనిషి ఆవిడ. పాలవాడు కొలత పాత్ర వంచేదాకా కన్నార్పేది కాదు. కొత్త మందు సీసా అయినా మూత తీసి వాసన చూడందే చెంచాలో పోసేది కాదు. అయితే ఆవిడ లోకాన్ని ఎంత అనుమానించిందో, మేమూ ఆవిణ్ణి అంతే అనుమానించాం. ఇప్పుడు తలచుకుంటే ముందు గుర్తొచ్చేది అదే.

నేను ఇంటర్ చదివేటప్పుడు అత్త కువైట్ నుంచి నరసాపురం వచ్చేసింది. అక్కడ ఆడవాళ్ళ బ్యూటీ పార్లర్‌లో గోళ్ళ పని చేసేది. మొగుడు ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు, అందుకని మా ఇంటికే వచ్చింది. ముందుగా ఉత్తరం లేదు, ఫోన్ లేదు. ఎందుకొచ్చేశావంటే "చాలనిపించింది" అంది. ఎండాకాలంలో కూడా చేతులకు తెల్లటి నూలు గ్లౌజులు వేసుకునే ఉండేది. అన్నం చెంచాతో తినేది.

"కువైట్ పోకడలు" అనేది మా అమ్మ వంటింట్లో, నాకు మాత్రమే వినబడేలా. "ఇంట్లోవాళ్ళం కూడా మనిషి చెయ్యి చూడకూడదా ఏంటి?"

అత్త తెచ్చుకున్న సామాన్లలో ఒక అట్టపెట్టె ఉండేది. అందులో చెయ్యి పట్టేంత చిన్న లైటు మిషను, ఆ లైటు కింద గట్టిపడే గోళ్ళ జెల్ డబ్బాలు, సన్న బ్రష్షులు, ఆకురాళ్ళు. ఆ పెట్టె ఆవిడ మా ముందు తెరిచింది మా అమ్మ గోరు వల్లే.

అమ్మ లేసు అల్లేది. ఎడమ చూపుడువేలి గోరు అంచు చీలి, దారం అందులో చిక్కుకుని పోగులు లేచేవి. పెద్ద బల్లగుడ్డ ఒకటి సగంలో ఉంది. ఎంత కత్తిరించుకున్నా మళ్ళీ అక్కడే చీలేది.

"వదినా, ఆ గోరు మీద జెల్ వేస్తే చీలదు" అంది అత్త.

"అంటే జిగురా? పిండి పిసికితే కడుపులోకి పోదూ?"

"గట్టిపడితే పోదు. గట్టిపడకపోతేనే భయం."

ఆ మాటతో అమ్మ అనుమానం రెట్టింపయింది. దానికి తోడు అత్త డబ్బా ముట్టుకోలేదు. నాకు రబ్బరు గ్లౌజులిచ్చి, నన్ను కూర్చోబెట్టి, తను దూరంగా కిటికీ దగ్గర నిలబడి చెప్పడం మొదలుపెట్టింది. గోరు కడిగి బాగా ఆరనివ్వమంది. ఆకురాయితో నిగనిగ పోయేదాకా మాత్రమే, గోరు పలచబడకుండా, నెమ్మదిగా రుద్దమంది. గోరు మొదట్లో ఉండే చర్మాన్ని కత్తిరించొద్దు, పుల్లతో కాస్త వెనక్కి తోస్తే చాలంది.

"పలచగా వెయ్యి. చుట్టూ వెంట్రుకంత ఖాళీ వదిలెయ్యి. చర్మానికి తగలనివ్వకు. తగిలిందా? లైటులో పెట్టకముందే తుడిచెయ్యి."

లైటులో చెయ్యి పెట్టాక అమ్మ మొహం ముడుచుకుంది.

"వేడిగా ఉంటే తీసెయ్ వదినా! ఇక్కడ ఓర్చుకున్నందుకు మెచ్చుకునేవాళ్ళు ఎవరూ లేరు."

అంతలో కరెంటు పోయింది. పైన గట్టిగానే ఉన్నట్టుంది, సరిపోతుందేమో అన్నాను. అత్త ఒప్పుకోలేదు. "పైన చూసి నమ్మకు, లోపల పచ్చిగా ఉంటుంది" అని మొత్తం తీయించి, కరెంటు వచ్చాక మళ్ళీ మొదటినుంచి వేయించింది.

దారం చిక్కుకోకుండా జారడం మొదలైంది. బల్లగుడ్డ పూర్తయింది. అయినా అమ్మ మనసు తేలికపడలేదు. "తను ముట్టనిదాన్ని నా పిల్లచేత ముట్టించిందేంటి?" అని రోజూ ఏదో పనిలో గొణుక్కునేది.

సంగతి తెలిసి పక్కింటావిడ వచ్చింది, తనకీ వెయ్యమని. అత్త ఆవిడ చెయ్యి కిటికీ వెలుగులో తిప్పి చూసింది. బొటనవేలి గోరు ఒక మూల రంగు మారి, కాస్త పైకి లేచి ఉంది.

"దీనిమీద వెయ్యకూడదండి. ముందు డాక్టరుగారికి చూపించుకోండి."

పక్కింటావిడకు తల కొట్టేసినట్టయింది. సాయంత్రానికల్లా వీధిలో మాట పుట్టింది: జబ్బు పక్కింటావిడకు కాదు, అత్త చేతులకే ఉంది, గ్లౌజులు చూశారా, అందుకే కువైట్ నుంచి పంపేశారు. మర్నాడు లేసు దారం కోసం వెళ్ళిన చోట అమ్మ చెవిన పడింది. ఇంటికొచ్చి చెప్పులు విడవకుండానే పిన్నీసు తీసి గోరు మీది జెల్ కింద దూర్చింది.

"పీకకు వదినా!" అత్త పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది. "జెల్‌తోపాటు గోరు పొర లేచొచ్చేస్తుంది. ఆకురాయితో అరగదీయాలి, అంతే."

"వదులు. ముందు నీ చేతులు చూపించు."

అత్త గ్లౌజులు తీసింది. వేళ్ళ చివర్లు ఎర్రగా, బీటలు వారి, తొక్క లేచి ఉన్నాయి. పార్లర్‌లో గ్లౌజులు లేకుండా ఏళ్ళ తరబడి పచ్చి జెల్ వేళ్ళకు తగిలి తగిలి, ఆ జెల్ అంటేనే ఒంటికి పడకుండా పోయిందట. ఇక జన్మలో ముట్టుకోవద్దన్నాడట అక్కడి డాక్టరు. తనకు వచ్చిన పని అదొక్కటే.

"ఇది అంటుకునేది కాదు వదినా. కానీ చర్మం జబ్బు అంటారు జనం. రేపు పిల్ల సంబంధాలకి అడ్డమొస్తుందని దాచాను."

"ముందే నాతో చెప్పచ్చుగా?"

"చెబితే నమ్మేదానివా?"

ఆ మధ్యాహ్నం అమ్మ గోంగూర పచ్చడి అన్నం తనే కలిపి, ముద్దలు చేసి అత్తకు పెట్టింది. కారం ఆ పగుళ్ళలోకి వెళ్తే ఎలా మండుతుందో, చెంచా ఎందుకో, ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. అత్త తింటూ ఏడ్చింది. కారం ఎక్కువైందని చెప్పింది. అమ్మ కూడా నమ్మినట్టే ఊరుకుంది.

పక్కింటావిడ గోరుకు ఫంగస్ అని తేలి, మందు వాడితే తగ్గింది. ఆవిడ వచ్చి ఏమీ అనలేదు గానీ ఒక రోజు గిన్నెతో ఉలవచారు పంపింది. అత్త మూత తీసి వాసన చూసి, నన్నో చెంచా తాగమని, నా మొహం కేసి కాసేపు చూసి, అప్పుడు తాగింది.

నాకు ఆ పని పూర్తిగా నేర్పింది. బతికినన్నాళ్ళూ డబ్బా మాత్రం ముట్టలేదు. వేళ్ళు నెమ్మదిగా మానాయి. అనుమానం మానలేదు, మానాలని మేమూ కోరుకోలేదు.

కిందటి నెల నరసాపురం వెళ్ళినప్పుడు ఇద్దరం కలిసి సంతకు వెళ్ళాం. వంకాయల దగ్గర ఆగింది.

"పుచ్చులు లేవండి అమ్మగారూ, నా మాట నమ్మండి" అన్నాడు కొట్టువాడు.

"నీ మాట నాకెందుకయ్యా, కాయని చెప్పనీ" అంది.

ఒక్కో కాయ ఎత్తి, ఎండకు పట్టి, కన్ను దగ్గరగా పెట్టి మెల్లగా తిప్పుతూ ఉండిపోయింది. వెనక జనం ఆగిపోయారు, కొట్టువాడు తక్కెడ పట్టుకుని నవ్వుతున్నాడు, ఆవిడకేం తొందర లేదు.