ఫోన్లో వచ్చిన సగం దీవెన

సర్వేశ్వరునికి స్తోత్రం. తన ఇష్టం వచ్చిన రోజున, తన ఇష్టం వచ్చినంత వాన పంపే తండ్రికి స్తోత్రం. గింజ మట్టిలో పడితేనే మొలుస్తుందని తన ఒంటితోనే చూపించిన కుమారునికి స్తోత్రం. ఎవరి నోట మాట పెట్టాలో మనల్ని అడగకుండా నిర్ణయించే పవిత్రాత్మకు స్తోత్రం. నేను రాయబోయేది చిన్న సంగతి. అయినా దాన్ని తలచుకున్నప్పుడల్లా నాకు ముందు నవ్వు, ఆ వెంటనే స్తుతి వస్తాయి.

నేను మఠకన్యను. పుట్టింది కృష్ణా కాలువల పక్కన. అనంతపురం జిల్లా కుందుర్పి దగ్గర ఉన్న మా చిన్న మఠానికి వచ్చి తొమ్మిదేళ్లయింది. మా విచారణ గురువు, అంటే మా ఫాదర్ చేతి కింద ఏడు పల్లెలున్నాయి. ఆయన వయసులో నాకంటే ఇరవై ఏళ్లు చిన్న, మెత్తని మనిషి. ఒక్కో పల్లెకు నెలకోసారి పూజకు రాగలిగితే గొప్ప. మిగతా రోజుల్లో ఆ పల్లెలన్నీ తిరిగేది నేను. పిల్లలకు జపాలు నేర్పుతాను, జబ్బుపడిన వాళ్ల మంచం దగ్గర కూర్చుంటాను.

బైబిలు నాలుగేళ్లు చదివి వచ్చినదాన్ని. గుళ్లో మాత్రం నా పని పీఠం మీద గుడ్డలు ఉతికి ఇస్త్రీ చేయడం, పూలు సర్దడం. ఆ పని నాకు ఇష్టమే. కానీ ఫాదర్ ప్రసంగం చెబుతుంటే లోపల నా ప్రసంగం ఒకటి నడుస్తూ ఉండేది. సిలువ దగ్గర నిలబడింది ఎవరు, తెల్లవారకముందే సమాధి దగ్గరికి పరుగెత్తింది ఎవరు, వాళ్ల మాట మొదట ఎవరూ నమ్మలేదెందుకు అని. దాన్ని నాలోనే చెప్పుకుని, పూజ కాగానే గుడ్డలతో పాటు మడిచి బీరువాలో పెట్టేదాన్ని.

ఆ ఏడు పల్లెల్లో ఒకదానికి ఒక ఆచారం ఉంది. శనక్కాయ విత్తనం గుళ్లో దీవెన పొందనిదే ఎవరూ భూమిలో వేయరు. ప్రతి ఇంటివాళ్లూ దోసెడు విత్తనాల పప్పు తెచ్చి పీఠం ముందు పరిచిన గుడ్డ మీద ఒకే కుప్పగా పోస్తారు. ఫాదర్ ఆ కుప్పను దీవిస్తారు. తర్వాత ఎవరి దోసెడు వాళ్లు తీసుకుపోయి ఇంట్లో మూటలో కలుపుకుంటారు. అప్పటికి ఎవరి గింజ ఎవరిదో తెలియదు. ఆ ఊరివాళ్లు కలిసి ఉండటానికి అదీ ఒక కారణమేమో అని నాకనిపిస్తుంది.

నేను చెప్పే సంవత్సరం జూన్ అంతా ఎండగానే పోయింది. నెలాఖరులో ఒక సోమవారం తెల్లవారుజామున వాన పడింది. మంచి వాన. అది ఎర్రనేల, విత్తడానికి తగిన పదును, అంటే తడి, రెండు రోజులకు మించి నిలవదు. ఫాదరేమో ఆ ముందురోజే గురువుల వార్షిక ధ్యానాలకు వెళ్లారు. వారం రోజులు మౌనం. మధ్యాహ్నం భోజనం తర్వాత కాసేపు తప్ప ఫోన్ చేతిలో ఉండదు.

నేను ఊళ్లో అడుగు పెట్టగానే ఎదురొచ్చింది మూలింటామె. భర్త పోయి ఐదేళ్లయింది. ఇద్దరు ఆడపిల్లలు. అన్నేళ్లూ కూలికి పోయి, ఆ ఏడే మొదటిసారి రెండున్నర ఎకరాలు గుత్తకు తీసుకుంది. ఆడమనిషికి ఒంటరి సేద్యం ఎందుకని ఊళ్లో నలుగురూ నవ్వారు. ఎద్దులు, విత్తనం వేసే గొర్రు ఉన్న బంధువొకాయన ఆమెకు ఒక్క పూట ఇస్తానన్నాడు.

"సిస్టరమ్మా, రేపు పొద్దున ఒక్క పూటే గొర్రు నాది. ఎల్లుండికి పదును ఆరిపోతాది. ఫాదరు యాడుండాడు?"

"ధ్యానాల్లో ఉన్నారు. ఆదివారం వస్తారు."

"ఆదివారమా! ఆదివారానికి ఈ నేలలో గడ్డపార గూడా దిగదు."

"మరి నువ్వు ఇంట్లో ప్రార్థన చేసుకుని వేసెయ్యరాదూ?"

ఆమె నన్ను జాలిగా చూసింది. "దీవెన ల్యాకుండా ఏస్తే ఇంగ ఊర్లో ఎవురి పంట పోయినా మాట నా మీదికే వస్తాదమ్మా. ఆయమ్మ ముందు ఏసినాది, అందుకే అందరికీ ఇట్లయినాది అంటారు. అది నేను మోయల్యాను."

మధ్యాహ్నానికి ఊరంతా గుళ్లో చేరింది. కుప్ప పోశారు. పెద్దరికమంతా ఉపదేశి తాతది. నలభై ఏళ్లుగా గంట కొట్టేది, పిల్లలకు జ్ఞానోపదేశం చెప్పేది ఆయనే. ఆయన ఒక ఉపాయం కనిపెట్టాడు. ఫోన్ తీసి ఫాదర్‌కు కలిపి, అందరికీ వినబడేలా పెద్దగా పెట్టాడు.

"ఫాదరూ, నేను. వాన పడినాది. విత్తనం కాడ నిలబడినాము అందరమూ. ఆడ్నించే రెండు మాటలు చెప్పండి."

అటునుంచి గుసగుస. "పెద్దాయనా, ఇక్కడ మౌనం. మాట్లాడకూడదు."

"మాట్లాడొద్దు ఫాదరూ. దీవించండి, సాలు."

ఆయన కాదనలేకపోయారు. తాత ఫోన్‌ను కుప్ప నడుమ వెల్లకిలా పెట్టాడు. అందరం మోకరించాం. ఫోన్లోంచి ఆ గుసగుసే వచ్చింది. "సర్వశక్తిగల తండ్రీ, ఈ విత్తనములను..."

అంతే. తర్వాత ఏమీ లేదు. కళ్లు మూసుకుని చాలాసేపు ఎదురుచూశాం. వెనక నుంచి ఎవరో అడిగారు: "ఈ విత్తనములను ఏమి చేయమన్నాడప్పా?"

తాత మళ్లీ కలిపాడు. స్విచ్ ఆఫ్. బహుశా ధ్యానాల పెద్దాయన వచ్చి ఫోన్ తీసుకుని ఉంటారు.

"సగం పడినాది," అన్నాడు తాత గంభీరంగా.

"సగమంటే? పై గింజలకా, కింది గింజలకా?"

"ఫోన్ పక్కనుండేవాటికి బాగా పడింటాది."

"అట్లయితే నా దోసెడు ఆ పక్కే పోసినా. నేను ఏసుకుంటా."

"యాడ పోసినావు? కలిసిపోల్యా అన్నీ?"

నవ్వాపుకోలేక నేను పమిట నోటికి అడ్డం పెట్టుకున్నాను. మూలింటామె నవ్వలేదు. వాకిలి వైపు ఎండను చూస్తూ ఉంది. ఉన్నట్టుండి లేచి నిలబడింది.

"ఇంగ సగం సిస్టరమ్మ చెప్తాది."

తాత ఫోన్ జేబులో పెట్టుకుని ఆమె వైపు తిరిగాడు.

"ఆడమనిషి దీవిస్తే ఎట్లమ్మే?" అన్నాడు తాత.

"గొర్రు ఎనక గింజ ఇడిసేది ఎవురు తాతా? మేము గాదా? మా సేత్తో భూమిలో పడొచ్చు గాని, మా నోటితో దేవుని కాడికి పోగూడదా?"

ఆడవాళ్లు అందరూ నా వైపు తిరిగారు. నిజం చెబుతాను, నాకు భయం వేసింది. విధేయత మాట ఇచ్చినదాన్ని. లోపల వందసార్లు ప్రసంగించినదాన్నే, బయట ఒక్క మాట చెప్పమంటే తప్పించుకోవాలని చూశాను. "ఒక్క నిమిషం" అని గుడి వెనక ఎత్తు బండ ఎక్కాను. అక్కడైతే సిగ్నల్ నిలుస్తుంది. అనంతపురంలో ఉన్న మా మఠాల పెద్ద, మదర్‌కు ఫోన్ చేశాను. ఎనభై దాటిన మనిషి.

అంతా విని ఆవిడ అడిగింది: "దీవెనల పుస్తకం నీ సంచిలో ఉందా?"

"ఉంది మదర్."

"ఫాదర్ లేనప్పుడు అందులో ఏం చెయ్యమని ఉంది?"

"అభిషేకం పొందని వాళ్లు ఎవరైనా ఈ ప్రార్థన నడిపించవచ్చని ఉంది. చేతులు చాచకుండా జోడించి చెప్పాలి. కుప్ప మీద సిలువ గుర్తు వేయకూడదు. తమ మీదే వేసుకోవాలి."

"మరి నన్నెందుకు అడుగుతున్నావే? అనుమతి పుస్తకంలోనే ఉంది. ధైర్యం ఫోన్లో పంపడం నాకు చేతకాదు. పో, అక్కడ పదును ఆరిపోతోంది."

నేను దిగివచ్చి పుస్తకం తెరిచి తాతకు చూపించాను. "తాతా, ఇందులో ఆడ మగ అని లేదు. గురుత్వం లేని వాళ్లు ఎవరైనా చెప్పవచ్చు. మీరూ చెప్పవచ్చు. ఇందులో నేనెంతో మీరూ అంతే. ఇదిగో, మీరే చెప్పండి."

తాత ఆ పుస్తకాన్ని తాకలేదు. రెండడుగులు వెనక్కి వేశాడు. "నేనా? నా వల్ల గాదమ్మా. నాకు భయం." గొంతు తగ్గించి, "నువ్వే చెప్పు. తప్పయితే దేవుడు నిన్నే అడుగుతాడు," అన్నాడు.

నలభై ఏళ్లు పెద్దరికం చేసిన ఆ మనిషిలో ఉన్నది నాలో ఉన్న భయమే అని నాకు ఆ క్షణాన తెలిసింది. నా మీద ఆయనకు కోపమేమీ లేదు. పవిత్రమైనదాన్ని చేతుల్లోకి తీసుకోవడం మనలాంటి వాళ్ల పని కాదని మా ఇద్దరికీ ఎవరో చిన్నప్పుడే చెప్పి ఉంచారు.

చేతులు జోడించి మొదలుపెట్టాను. మొదటి సగం ఫాదర్ చెప్పారు కదా అని మధ్యలో నుంచి అందుకోలేదు. మొదటి నుంచే చెప్పాను. విత్తువాని ఉపమానం చదివి, దాని మీద నాలుగు మాటలు కూడా చెప్పాను. బీరువాలో మడిచిపెట్టినవి అన్నీ ఒకేసారి బయటికి వస్తాయేమో అనుకున్నాను గానీ, వచ్చింది ఒక్కటే. విత్తేవాడు బండ మీద కూడా, ముళ్లలో కూడా లెక్క చూడకుండా చల్లాడు, మన దేవుడు అంత ధారాళమైనవాడు అని. మూలింటామె గట్టిగా "ఆమెన్" అంది, ఇంకా ముగియకముందే.

ముగించాక ఒక అవ్వ పెదవి విరిచింది. "సెయ్యి సాచల్యా. దీవెన పట్టిందో ల్యాదో."

"పుస్తకంలో అలాగే ఉందవ్వా. నేను చేతులు చాచకూడదు."

"నువ్వు సాచగూడదు సరే. మాకేమి అడ్డం?" అంది మూలింటామె. వచ్చి కుప్ప పక్కన కూలబడి రెండు చేతులూ మోచేతుల దాకా గింజల్లో దూర్చింది. వెంటనే ఇంకొకామె, మరొకామె. ఆడవాళ్లందరూ చుట్టూ కూర్చుని ఆ గింజలను కలియబెట్టారు. పాట ఎవరు ఎత్తుకున్నారో తెలియదు. చేతులు జోడించుకుని నిలబడిన నేనూ పాడాను. పెద్ద పండుగ పూజల్లో కూడా ఆ గుడి అంతగా వెలగడం నేను చూడలేదు.

తాత మాత్రం తన దోసెడు తీసుకోలేదు. "ఫాదరు రానీ," అని వెళ్లిపోయాడు. మరునాడు సూర్యుడు రాకముందే మూలింటామె పొలంలో గొర్రు నడిచింది. వెనక తనూ, పెద్ద కూతురూ గింజ వదిలారు. ఊరంతా విత్తుతుంటే తాత భార్య గుడికి వచ్చి, మిగిలిన దోసెడు కొంగులో పోసుకుంది. "ఆయప్ప పట్టుదల పదును ఆపుతాదా సిస్టరమ్మా?" అని నవ్వి పోయింది. సాయంత్రానికి తాత పొలంలోనూ గొర్రు దిగింది. ఆయన గట్టు మీద కూర్చుని తనకేమీ తెలియనట్లు ఎద్దులను అదిలిస్తున్నాడు.

ఆదివారం ఫాదర్ వచ్చారు. తాత అన్నీ దాచకుండా చెప్పి, "మళ్లా ఒక తూరి మీరు దీవిస్తే బాగుంటాది," అన్నాడు. ఫాదర్ నా వైపు చూశారు. "నన్నొక మాట అడగవలసింది సిస్టర్," అన్నారు. ఆ మాట నాకు గుచ్చుకుంది. "మీరు మౌనంలో ఉన్నారు ఫాదర్," అన్నాను.  ఆయన, "అవును. గదిలో దాక్కుని గుసగుసలాడింది కూడా దేవుడు చూశాడు," అని నవ్వేశారు. "పదండి, విత్తనం ఎక్కడుందో చూద్దాం."

మూలింటామె పొలానికి నడిచాం. సాలు వెంట సాలు, మొలకలు మట్టి పెళ్లలను తలమీద ఎత్తుకుని పైకి వస్తున్నాయి. ఫాదర్ చెప్పులు విడిచారు. ఆయన చేతులు చాచారు, నేను చేతులు జోడించాను. తాత తలగుడ్డ తీసి మా ఇద్దరి మధ్యలో నిలబడ్డాడు. మూలింటామె మాత్రం చేతిలో రాయి పట్టుకుని పొలమంతా పరుగెత్తుతోంది.

"తొందరగా కానీండి ఫాదరూ! కాకులు మొలకలు పీకుతాండాయి!"

ఇది చదువుతున్న మీరు ఎక్కడున్నా ఒక్క నిమిషం ఆగండి. మీకు గురుత్వం ఉంటే చేతులు చాచండి, లేకపోతే నాతో పాటు జోడించండి. తండ్రీ, మెట్ట పొలాల్లో ఒంటరిగా గింజ వదిలే ఆడవాళ్ల చేతులను చల్లగా చూడు. ఏడు పల్లెలకు ఒక్కరుగా తిరిగే గురువులకు ఓపిక ఇయ్యి. మా మఠాల్లో మడిచిపెట్టి ఉన్న మాటలను నీకు నచ్చిన వేళ విప్పించు. మా చేతుల్లో నువ్వు పెట్టినదాన్ని తాకడానికి మాకు భయం లేకుండా చెయ్యి. మీరు కూడా గట్టిగా ఆమెన్ అనండి. ప్రార్థన ముగిసేదాకా ఆగకపోయినా ఫరవాలేదు.