మా ఇంటి సాక్ష్యం

సాక్ష్యం చెప్పమంటే మా సంఘంలో చాలామంది నేలచూపులు చూసేవారు. నేను మాత్రం పేరు పిలవకముందే చెంగు తలమీదికి లాక్కుని లేచేదాన్ని. ప్రతి బుధవారం సాయంత్రం నర్సీపట్నంలో ఎవరో ఒకరింట ప్రార్థన కూటం ఉండేది. ఒక పాట అయ్యాక అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, "దేవుడు మీకు చేసిన మేలు చెప్పండమ్మా" అనేవారు. దేవుడు చేసిన మేలు చెప్పాలంటే ముందు మా ఆయన చేసిన కీడు చెప్పాలి కదా! నాకు ఆ ముందు భాగమే బాగా వచ్చు.

మా ఆయన వడ్రంగి. డెబ్బైల మొదట్లో విపరీతంగా తాగేవారు. మా అమ్మాయికి నాలుగేళ్ళప్పుడు నాతవరంలో చుట్టాల పెళ్ళికి వెళ్ళాం. మిట్టమధ్యాహ్నం సారా తాగేసి, నేను వద్దంటున్నా వినకుండా, పిల్లని సైకిలు బారు మీద కూర్చోబెట్టుకుని బయల్దేరారు. కాలవగట్టు మీంచి కిందపడ్డారు. ఆయన ఒంటిమీద గీతైనా పడలేదు గానీ పిల్ల ఎడమ మోచెయ్యి విరిగింది. నాటుకట్టు కట్టిస్తే వంకరగా అతుక్కుంది. కట్టు విప్పిన రోజున ఆ చెయ్యి చూసి ఆయన తిన్నగా చర్చికి పోయి, నేలమీద బోర్లాపడి ఏడ్చారు. ఆ తరవాత చుక్క ముట్టలేదు.

సంగతి అంతే. ఒకసారి చెప్పి ఊరుకోవలసింది.

ఆయన తాగుడు మానేశాక మొదటి ఆదివారం చర్చిలో నేను చెబుతుంటే ఆడవాళ్ళంతా ముక్కులు చీదుకున్నారు. అప్పటిదాకా నేనెవరో ఎవరికీ పట్టేది కాదు, ఫలానా తాగుబోతు పెళ్ళాం అంతే. అలాంటిది రావికమతం కూటాలకి రమ్మన్నారు, యలమంచిలి సభలకి రమ్మన్నారు. బస్సులో నాకు కిటికీ పక్క సీటు వదిలేవారు. అబద్ధమెందుకు, నాకు బాగుండేది. చెప్పగా చెప్పగా ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఆగాలో కూడా తెలిసిపోయింది. చివర్లో అమ్మాయిని పక్కకి పిలిచి, జాకెట్టు చెయ్యి పైకెత్తి, ఆ వంకర మోచెయ్యి అందరికీ చూపించేదాన్ని. మా ఆయన మొదటి చాపమీద తలవంచుకుని కూర్చునేవారు. ఆయన లేకపోతే సాక్ష్యం సగమే కదా, అందుకని నేనే పట్టుబట్టి ముందు కూర్చోబెట్టేదాన్ని.

ఇంట్లోనూ అదే నా ఆయుధం. కూరలో ఉప్పెక్కువైందని ఆయన ఓ మాటంటే, "నాతవరం మర్చిపోయారా?" అనేదాన్ని. నోరు మూతపడేది. పని నుంచి రాగానే చొక్కా అందుకునే నెపంతో దగ్గరికెళ్ళి వాసన చూసేదాన్ని. చెక్కపొట్టు వాసనే వచ్చేది. అయినా మర్నాడు మళ్ళీ చూసేదాన్ని. పన్నెండేళ్ళు అలా గడిచాయి. ఆయన మారిపోయి పన్నెండేళ్ళయింది, నేను మాత్రం ఆ కాలవగట్టు దిగలేదు. ఆయన్నీ దిగనివ్వలేదు.

అమ్మాయికి పదహారొచ్చాయి. మండుటెండల్లో కూడా పొడుగు చేతుల జాకెట్టే కుట్టించుకునేది. ఒక బుధవారం మామూలుగానే, "ఇలా రామ్మా, చెయ్యి చూపించు" అన్నాను. అది లేవలేదు. చెయ్యి ఒళ్ళో దాచుకుని, "ఇప్పుడు నొప్పిలేదమ్మా. ఇంకెన్నాళ్ళు సూపించాలి?" అంది. మెల్లగానే అంది గానీ గదంతా వినపడింది. ఒకావిడ దగ్గింది. నాకు తల తీసేసినట్టయింది.

ఇంటికొచ్చి దాన్ని చెడామడా తిట్టాను. మా ఆయన అరుగుమీద కూర్చుని అంతా విన్నారు. నేను అలిసిపోయి ఆగాక అన్నారు.

"సచ్చిన పాముని ఎన్నిసార్లు సంపుతావే?"

నేను లోపలికి వెళ్ళబోతుంటే మళ్ళీ ఆయనే అన్నారు.

"యలమంచిలిలో కలప అడితీలో పనుందట. ఉండడానికి గదిస్తారట. వచ్చే బుధవారం కూటం మనింట్లోనే కదా. ఆ మాట ఇంకొక్కసారి సెప్పావంటే, గురువారం పొద్దున్న బస్సుకి ఎల్లిపోతాను. మరి రాను."

తాగిన రోజుల్లో ఆయన ఎన్ని బెదిరింపులు బెదిరించినా నాకు లెక్కుండేది కాదు. ఇది తాగకుండా అన్న మాట.

సరే, చెప్పనుగాక చెప్పను అనుకున్నాను. దాని బదులు ఇప్పటి సంగతి చెబుదాం, ఆయన ఎంత మంచివారో చెబుదాం. ఇంతోటిదానికి భయమేటి?

బుధవారం రానే వచ్చింది. మా ఇంట్లో చాపలు పరిచాం. పాట అయింది. అయ్యగారు నావైపు చూశారు. లేచాను. నోరు తెరిస్తే నాతవరం దానంతటదే నాలిక మీదికొచ్చింది. మింగేశాను. "మా ఆయన ఇప్పుడు..." అన్నాను. ఆ తరవాత మాటలేదు. ఇప్పుడేటి? ఎవరింటి తలుపులు చేస్తున్నారు? తెలీదు. మధ్యాహ్నం క్యారేజీ ఎక్కడ కూర్చుని తింటారు? తెలీదు. ఎవరితో నవ్వుతారు? రోజూ అంత దగ్గరికెళ్ళి వాసన చూసినదాన్ని, ఒక్కనాడూ మొహం చూడలేదే! జనం ఎదురుచూస్తున్నారు. పాతది చెబితే మనిషి పోతాడు, కొత్తది చెబుదామంటే నా దగ్గర లేదు.

"నాకు తెలీదండీ" అని కూర్చుండిపోయాను.

ఎవరికీ అర్థం కాలేదు. అప్పుడు మా అమ్మాయి లేచింది.

"నేను సెప్తానండీ. మా నాన్నకి ఆర్నెల్ల నుంచి పన్ను నొప్పి. ఒక పక్కనే నవుల్తారు. పళ్ళ డాక్టరంటే బయ్యం. ఉలి తగిలి గోరూడిపోతే ఏడవని మనిషి, డాక్టరు బోర్డు చూస్తే వీధి మారిపోతారు. సంతనాడు నాకు జీళ్ళు తెస్తారు, పదహారేళ్ళ పిల్లకి జీళ్ళేటని నేనంటే తనే తినేస్తారు. ఆ పంటితోనే. మా నాన్న కోసం ప్రార్థన చెయ్యండి."

కూటంలో నవ్వులు. మా ఆయన కూడా నవ్వారు, దవడ పట్టుకుని. ఏ పిల్ల చెయ్యినైతే పన్నెండేళ్ళు ఊరూరా చూపించానో ఆ పిల్లకి ఆయన పంటి సంగతి తెలుసు. పక్కనే పడుకున్నదాన్ని, నాకు తెలీదు. సిగ్గుతో చచ్చాననుకోండి.

గురువారం బస్సు వెళ్ళిపోయింది. ఆయన ఎక్కలేదు. నేనే, "బేగి తయారవండి" అని పళ్ళ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. కుర్చీలో బిగుసుకుపోయి కూర్చున్నారు. డాక్టరుగారు ఆయన నోట్లోకి చూసి, నావైపు తిరిగి, "ఏ పన్నమ్మా? ఎప్పట్నించి?" అన్నారు. మా ఆయన కూడా నావైపే చూశారు. ఆయన గురించి ఎవరేం అడిగినా చెప్పేది నేనే కదా, అదలవాటైపోయింది.

"ఆయన్నే అడగండి" అన్నాను.