తెర వద్దన్న సూరమ్మ

ఇలాంటి కేసుల్లో బాధితురాలి పేరు బయటపెట్టకూడదన్నది చట్టం. నేను వకీలుని, ఆ సంగతి నాకు తెలియనిది కాదు. అందుకే ఆమె కథ రాస్తానని చెప్పడానికి కడియపులంక నర్సరీకి వెళ్ళినప్పుడు, పేరు మార్చి రాస్తానులే అన్నాను. మామిడి అంటుకి ప్లాస్టిక్ రిబ్బను చుడుతున్న చెయ్యి ఆపకుండానే ఆమె తల అడ్డంగా ఊపింది.

"మార్చకు ఉషారాణమ్మా. సూరమ్మ అనే రాయి. కావాలంటే సంతకం పెట్టి ఇస్తాను. పేరు దాచుకునే పని నేనేం చేశాను?"

ఆమె సంతకంతో ఒప్పుకుంటే చట్టం అడ్డు చెప్పదు, కనుక పేరు రాస్తున్నాను. ఆమె ఊరి పేరు, తోడికోడలి పేరు మాత్రం రాయను. వాళ్ళు నన్ను రాయమనలేదు.

సూరమ్మది మారేడుమిల్లి దాటాక కొండ మీద ఉన్న చిన్న కొండరెడ్ల పల్లె. కొండవాలు చదును చేసుకుని జొన్నలు, కందులు పండించుకుంటారు. వేసవిలో చింతపండు కొట్టి సంతకి తెచ్చి అమ్ముకుంటారు. ఆశ్రమ పాఠశాలలో ఏడో తరగతి దాకా చదివింది. చిన్నప్పటి నుంచీ నోరున్న మనిషే. ఒకసారి సంతలో షావుకారు చింతపండు తూకంలో మోసం చేస్తున్నాడని అనుమానం వచ్చి, గంపలు పక్కకి నెట్టి కాటా మీద తనే ఎక్కి కూర్చుందట. "నిన్ననే ఆస్పత్రిలో నా బరువు చూశారు. ముందు నన్ను తూచు, నీ కాటా సంగతి తేలుద్ది" అందట. సంతంతా నవ్వింది. షావుకారు కాటా మార్చాడు.

ఆ మనిషికి పెళ్ళయిన కొత్తలో జరిగిందిది. నక్సలైట్ల కోసం గాలించడానికి వచ్చిన ప్రత్యేక పోలీసు దళం ఒకటి వాళ్ళ ఊరికి ఎదురుగా, రోడ్డు పక్కనున్న ఖాళీ భవనంలో క్యాంపు పెట్టింది. ఒక ఉదయం సూరమ్మ భర్త గంగిరెడ్డి, అతని అన్న పోడు దగ్గరకి వెళ్ళిపోయాక నలుగురైదుగురు పోలీసులు ఇంటికొచ్చారు. "అన్నలకి అన్నం పెట్టారంట కదా. ఎంక్వైరీ ఉంది, పదండి" అని సూరమ్మనీ, ఆమె తోడికోడలినీ తీసుకుపోయారు. మర్నాటి సాయంత్రం దాకా క్యాంపులోనే ఉంచారు. అక్కడ వాళ్ళిద్దర్నీ చెరిచారు. అంతకంటే నేను రాయను. చెప్పాల్సిన చోట ఆమె చెప్పింది, వినాల్సినవాళ్ళు విన్నారు.

ఎవరికైనా చెబితే మీ మొగుళ్ళ శవాలు చూస్తారని బెదిరించి వదిలేశారు. ఆడవాళ్ళిద్దరూ ఊళ్ళోకి వచ్చేసరికి పెద్దలు రచ్చబండ దగ్గర కూర్చుని గుసగుసలాడుతున్నారు. పరాయి మగవాడు ముట్టిన ఆడదానికి తప్పు కింద జరిమానా కట్టించి కులంలో కలుపుకోవాలన్నది వాళ్ళ కట్టుబాటు. సూరమ్మ అత్త ఆ గుసగుసలు విన్నది. నీళ్ళు కాచి కోడళ్ళిద్దరికీ తన చేత్తో స్నానం చేయించింది, అన్నం పెట్టింది. ఆ తర్వాత బయటికొచ్చి పెద్దల ముందు నిలబడింది.

"తప్పు చేసినోళ్ళు ఆ క్యాంపులో ఉన్నారు. పోయి వాళ్ళ దగ్గర కట్టించుకోండి తప్పు. నా కోడళ్ళ జోలికొస్తే ఊరుకోను."

తర్వాతి కాలంలో తనకి ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరడిగినా సూరమ్మ ఈ సంగతే చెబుతుంది. అత్త ఆ రోజు తల దించుకుని ఉంటే తను కూడా దించుకునేదాన్నేనంటుంది.

దగ్గర్లోని స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోలేదు. సూరమ్మకి ఒకే ఒక్క మనిషి గుర్తొచ్చింది. ఏసమ్మ అనే నర్సు కొన్నేళ్ళు ఆ కొండల మీద తిరిగి సూదులు వేసి, కాన్పులు చేసి, రిటైరయ్యాక కొవ్వూరులో చర్చి వెనకాల సొంత ఇంట్లో ఉంటోంది. గంగిరెడ్డి, సూరమ్మ, తోడికోడలు ముగ్గురూ బస్సులు మారి ఆ ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. ఏసమ్మ వాళ్ళని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి పరీక్షలు చేయించింది. అక్కడి నుంచి తిన్నగా రాజమండ్రిలో మా ఆఫీసుకి తెచ్చింది.

అప్పటికి నేను శ్యామలాంబగారి దగ్గర కొత్తగా చేరిన జూనియర్ని. ఆవిడంటే ఎదుటి పార్టీ వకీళ్ళే కాదు, మేమూ భయపడేవాళ్ళం. గోదావరి జిల్లాల్లో పసిపిల్లాడు కూడా అండీ అనకుండా ఆవిడతో మాట్లాడడు. కొండ మీద ఆ అలవాటు లేదు. సూరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఇది పోలీసోళ్ళ మీద కేసు. నువ్వు భయపడేదానివైతే ఇప్పుడే చెప్పు. ఇంకోళ్ళని చూసుకుంటాం."

ఏసమ్మ కంగారుపడి, "ఏమనుకోకండి మేడమ్‌గారూ, దానికి తెలీదండి" అంది. శ్యామలాంబగారు కళ్ళజోడు తీసి సూరమ్మ వంక చూశారు. "భయంగానే ఉందమ్మా. అయినా వేస్తాను" అన్నారు.

సూరమ్మ గుర్తుపట్టగలిగిన ఇద్దరు జవాన్ల మీదా, క్యాంపు ఆఫీసరు మీదా నేరుగా మేజిస్ట్రేటు కోర్టులో ప్రైవేటు కంప్లయింట్ వేశాం. అది విచారణకి రావడానికే ఏళ్ళు పట్టింది. కొట్టేయమని వాళ్ళు హైకోర్టుకి వెళ్ళారు, నిలబెట్టమని మేమూ వెళ్ళాం. ఈలోగా సూరమ్మ కొండ మీద ఉండలేకపోయింది. క్యాంపు జవాన్లు రోజూ గుమ్మం ముందు నుంచే నడిచిపోయేవాళ్ళు, ఒక్కోసారి ఈల వేసేవాళ్ళు. ఏసమ్మ బంధువు చిట్టియ్య కడియపులంకలో నర్సరీ మేస్త్రీ. అతను పని ఇప్పించాడు. మొదట కవర్లలో మట్టి నింపింది, తర్వాత అంట్లు కట్టడం నేర్చుకుంది. గంగిరెడ్డి కూడా దిగి వచ్చాడు గానీ పల్లపు ప్రాంతం అతనికి పడలేదు. ఉక్కపోతకి నిద్ర పట్టేది కాదు. "గాలికి కూడా స్విచ్చి వేసుకోవాలా?" అని విసుక్కుని, ఆ వర్షాకాలానికే పోడుకి వెళ్ళిపోయాడు. విడిపోయారనుకున్నారు చూసినవాళ్ళు. కానీ ప్రతి వాయిదాకీ అతను కొండ దిగి వచ్చేవాడు. కోర్టు వరండాలో భార్య పక్కన కూర్చుని, సాయంత్రం బస్సుకి మళ్ళీ వెళ్ళిపోయేవాడు.

ఒక రోజు నర్సరీ ముందు కారు ఆగింది. పలుకుబడి ఉన్న పెద్దమనిషి ఒకాయన దిగి, కేసు వదిలేసుకుంటే హాస్టల్లో వంటమనిషి ఉద్యోగం, పర్మనెంటు, తను వేయిస్తానన్నాడు. సూరమ్మ అంతా విన్నది.

"ఉజ్జోగం వేయించగలిగినోడివి, ఆ పోలీసుల్ని జైల్లో వేయించలేవా?"

ఆయన కారు వైపు తిరిగాడు. "ఎలాగూ వచ్చావు కదా, రెండు మందార మొక్కలన్నా కొనుక్కుని పో" అంది. చిట్టియ్య ఈ కథ చెప్పినప్పుడల్లా, ఆయన నిజంగానే కొన్నాడండి అని పొట్ట పట్టుకుని నవ్వుతాడు.

తీరా విచారణ మొదలయ్యేసరికి శ్యామలాంబగారికి ఆరోగ్యం బాగోలేక కేసు నా చేతికి వచ్చింది. మొదట తోడికోడలి సాక్ష్యం. ఆమె బోనెక్కి, అసలు మమ్మల్నెవరూ తీసుకుపోలేదు, నాకేమీ తెలియదు అని చెప్పింది. బయటికొచ్చాక ఆమె స్తంభం చాటున నిలబడింది. సూరమ్మ ఆమె దగ్గరకి నడిచింది. గొడవ అవుతుందేమోనని నేను వెనకాలే పరుగెత్తాను.

"అక్కా, పొద్దున్నించీ ఏమన్నా తిన్నావా?" అంది సూరమ్మ.

ఆమెని చెయ్యి పట్టుకుని క్యాంటీనుకి తీసుకెళ్ళి ఇడ్లీ పెట్టించింది. ఇద్దరూ కలిసి తిన్నారు. బస్సెక్కించి వచ్చాక, నీకు కోపం రాలేదా అని అడిగాను.

"రాకుండా ఎలా ఉంటుంది? కడుపు రగిలిపోయింది. కానీ దాని గుమ్మానికి ఎదురుగా క్యాంపు ఉంది, ఇద్దరు పిల్లలున్నారు. నా గుమ్మానికి ఎదురుగా గులాబీ మొక్కలున్నాయి. నేను చెప్పగలను, అది చెప్పలేదు. ఇద్దరి సంగతీ నేనే చెబుతాలే."

ఆమె సాక్ష్యం రోజున కోర్టు హాలు తలుపులు మూశారు. ముద్దాయిలు కనబడకుండా బోను పక్కన తెర కట్టించారు జడ్జిగారు. సూరమ్మ దాన్ని చూసి, "ఇది ఎందుకయ్యా?" అనడిగింది.

"నీకు వాళ్ళని చూడటం ఇబ్బంది కాకుండా ఉండాలనమ్మా" అన్నారు జడ్జిగారు.

"నాకు ఇబ్బంది లేదు. తీయించెయ్యి. వాళ్ళు నన్ను చూడాలి."

తెర తీశారు. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. తన సంగతి, తోడికోడలి సంగతి, ఏదీ దాచకుండా చెప్పింది. ముగ్గురు ముద్దాయిల్నీ వేలు పెట్టి చూపించింది. తర్వాత డిఫెన్సు వకీలు లేచాడు. ఎందుకు పారిపోలేదమ్మా అని అడిగాడు.

"వాళ్ళ చేతుల్లో తుపాకులున్నాయి. మా చేతులకి గాజులున్నాయి."

"మీ తోడికోడలే అలాంటిదేమీ జరగలేదని చెప్పారు కదా?"

"భయపడి చెప్పింది. ఆ భయం ఎవరు పెట్టారో నీ వెనకాల కూర్చున్నోళ్ళని అడుగు."

మధ్యాహ్నం విరామంలో ఆమె బాత్రూంలోకి వెళ్ళి వాంతి చేసుకుంది. మంచినీళ్ళు నేనే తాగించాను. "ఇవాళ్టికి ఆపమని అడగనా?" అన్నాను. మొహం కడుక్కుని చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. "మళ్ళీ వాయిదా అంటే ఇదంతా మళ్ళీ మొదటినుంచీ మొయ్యాలి. పద" అంది. సాయంత్రం దాకా బోనులోనే నిలబడింది.

తీర్పు వచ్చింది. ఇద్దరికి శిక్ష పడింది. క్యాంపు నడిపిన అధికారిని మాత్రం అనుమానానికి తావుందంటూ వదిలేశారు. నేను అర్థమయ్యేలా చెప్పాక, "ఆ ఆఫీసరు ఇంటికెళ్ళిపోతాడా?" అంది. అవునన్నాను. అప్పీలు వెయ్యొచ్చన్నాను. "వెయ్యి" అంది. అప్పుడు ఏడ్చింది. నేను చూసినంతలో ఆమె ఏడవడం అదే మొదటిసారి. గంగిరెడ్డికి ఏం చెయ్యాలో తోచక తన తువ్వాలు తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు. "క్యాంపు ఎత్తేశారు. ఇంటికొస్తావా?" అన్నాడు. వేసవికి వస్తానంది. అప్పటి నుంచి వేసవి రెండు నెలలూ కొండ మీద, మిగతా కాలం నర్సరీలో ఉంటోంది. ఆఫీసరు మీద అప్పీలు ఇంకా నడుస్తోంది.

నిరుడు పక్క కొండ మీది నుంచి ఒక తల్లి తన కూతుర్ని వెంటబెట్టుకుని నర్సరీకి వచ్చింది. ఆ పిల్లని చెక్‌పోస్టు గదిలో పెట్టి ఒక కానిస్టేబులు పాడు చేశాడు. స్టేషన్‌కి వెళ్ళాలా, వకీలు దగ్గరకి వెళ్ళాలా, ఆ తల్లికి తెలియదు. కొండల్లో ఇప్పుడు అందరికీ తెలిసింది ఒకటే, కడియపులంకలో సూరమ్మ ఉంది. సూరమ్మ వాళ్ళని ఆసుపత్రికి తీసుకెళ్తూ నాకు ఫోన్ చేసింది. నేను ఆసుపత్రికి వెళ్ళేసరికి ముగ్గురూ లేడీ డాక్టరు గది బయట బల్ల మీద కూర్చుని ఉన్నారు. పిల్ల నేల చూపులు చూస్తోంది. ధైర్యంగా ఉండు, చెప్పు, అని తల్లి పోరుతోంది.

"ఊరుకో" అని తల్లిని ఆపింది సూరమ్మ. పిల్ల వైపు తిరిగి చాలా మెల్లగా మాట్లాడింది. "చెప్పాలనుంటే చెప్పు, లేదంటే లేదు. చెబితే చాలా ఏళ్ళు పడుతుంది, నీకు అబద్ధం చెప్పను. చెప్పకపోయినా నువ్వు మంచిదానివే. ఏదైనా నీ ఇష్టం. నేను మాత్రం ఎక్కడికీ పోను."

నర్సు వచ్చి పేరు పిలిచినప్పుడు ఆ పిల్ల లేచి, సూరమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి నడిచింది.

ఆ సాయంత్రమే ఎఫ్ఐఆర్ నమోదైంది. కానిస్టేబులు రిమాండులో ఉన్నాడు. పిల్ల ఇప్పుడు సూరమ్మ ఇంట్లోనే ఉంటూ ఇంటర్ చదువుతోంది. పై నెలలో మొదటి వాయిదా. ఆ రోజు పనికి రానని సూరమ్మ చిట్టియ్యతో ముందే చెప్పేసింది.