తంగేడు రంగు గోడ

దయ్యాలూ భూతాలూ అంటే నాకు ఎన్నడూ నమ్మకం లేదు. పొద్దున్నే దేవుడి ముందు దీపం పెట్టే ఇంట్లో వాటికి చోటెక్కడిది? కానీ ఎనభైల్లో, బొంబాయి కామాటిపురాలో, వరసగా గదులుండే మా చాల్‌లో, మా ఒక్క గది ఖోలీలో జరిగింది మాత్రం ఉన్నదున్నట్టు చెప్తాను.

మా ఆయనది బిల్డింగులకు రంగులేసే పని. ఊరందరి గోడలూ మెరిసేవి, మా గోడలు మాత్రం పొగచూరి ఉండేవి. మా అత్తమ్మకు రెండు కళ్లలోనూ శుక్లాలు. నేను కోడలిగా వచ్చేనాటికే చూపు పోయింది. వెలుగూ చీకటీ తేడా ఒక్కటే తెలిసేది. ఆ ఏడు బతుకమ్మ ముందర ఒక కంటికి ఆపరేషన్ కుదిరింది. చూపు వస్తుందో రాదో డాక్టరు గట్టిగా చెప్పలేదు. వస్తే మాత్రం ఆమె చూసే మొదటి గోడ అందంగా ఉండాలని నా ఆశ.

అత్తమ్మ గుడికి పోయినప్పుడు మా ఆయన సున్నంలో రంగు పొడి కలిపి గోడ మీద రెండు పట్టీలు వేశాడు. ఒకటి లేత ఆకుపచ్చ, ఒకటి పసుపు. నాకు ఆకుపచ్చ నచ్చింది.

"ఇప్పుడే ఖాయం చెయ్యకు. సున్నం తడి మీద అబద్ధమాడుతది," అన్నాడాయన.

మర్నాడు ఆరిన పట్టీలను అత్తమ్మ అరచేత్తో తడిమింది. పసుపు దగ్గర చెయ్యి ఆగింది.

"గిది తంగేడు పూల లెక్కున్నది. గిదే వెయ్యిరా."

ఏది పసుపో నేనే ఆమెకు చెప్పి ఉంటానని మా ఆయన నవ్వాడు. దేవుడి తోడు, నేను చెప్పలేదు. ఆమెను వరండాలో కూర్చోబెట్టి, ఇంకో గోడకు తారుమారుగా నాలుగు పట్టీలు వేశాడు. అదే సున్నం, అదే కుంచె. ఆరాక ఆమె కళ్లకు టవల్ కట్టాడు.

"అవ్వకే పరీక్షలు పెడ్తున్నవా, గాడిదా?" అంటూనే నాలుగూ సరిగ్గా చెప్పింది!

పక్కింటి ఆడవాళ్లు రంగురంగుల రిబ్బన్లు తెచ్చి ఇచ్చారు. వాటిలో ఒక్కటీ చెప్పలేకపోయింది. ఆమెకు తెలిసింది మా గోడ ఒక్కటే.

పసుపే వేశాం.

బతుకమ్మ మొదలైన రోజు అత్తమ్మ ఆపరేషన్ అయి, మందపాటి కళ్లద్దాలతో ఇంటికొచ్చింది. గోడ చూసి ఏమంటుందోనని వరండా అంతా గుమ్మం దగ్గర మూగింది. ఆమె గోడ వైపే తిరగలేదు. నా గడ్డం పట్టుకుంది.

"గోడను ఎప్పుడో సూసిన గద. జర గిటు తిరుగు బిడ్డా, నీ మొకం సూడనియ్యి."

ఆ తర్వాత కళ్లు మూసుకుని ఎన్నిసార్లు తడిమినా, "ఉత్త సున్నమే తగుల్తున్నది," అని నవ్వేది.

ఆ నాలుగు రోజులు ఆమె చేతికి రంగు ఎట్లా తెలిసిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. దీపం పెట్టినప్పుడల్లా దేవుణ్ణి అడగబోతాను. దండం పెట్టి ఊరుకుంటాను.