చర్చి గంట ముప్పై అయిదు కొట్టింది

దెయ్యాలను నమ్మని మనిషి దెయ్యానికి ఎంతగా భయపడగలడో తెలుసుకోవాలంటే నన్నడగండి. ఆరేళ్ల కిందట రాజోలు దగ్గరి మా ఊళ్లో, పట్టపగలు, భోజనాల వేళ నా పరువును నా చేతులతోనే పాతిపెట్టుకున్నాను. పూలదండ కూడా వచ్చింది.

అప్పుడు నాకు ముప్పై అయిదేళ్లు. కాలేజీలో పాఠాలు, బయట హేతువాదం. తాయెత్తు కనిపిస్తే ఉపన్యాసం. ఎవరైనా పసిపిల్లకు దిష్టి తీస్తుంటే మధ్యలో దూరి, ఉప్పు ఎందుకు చిటపటలాడుతుందో వివరించేవాణ్ణి. పిల్ల ఏడుపు ఆపేది, తల్లి మొదలుపెట్టేది.

ఆ రోజు సాయంత్రం అమలాపురంలో నాకూ ప్రకాశం మేష్టారికీ నమ్మకాల మీద బహిరంగ చర్చ. ఆయన మా చర్చి పెద్ద, చిన్నప్పుడు నాకు పాఠం చెప్పిన గురువు. నేను ఊరుకున్నానా? వారం ముందే నలుగురిలో సవాలు విసిరాను: "నేను ఒక్కసారి భయపడినట్టు రుజువు చేయండి, ఆదివారం చర్చికొచ్చి మొదటి బెంచీలో కూర్చుంటాను!" పదిహేనేళ్లుగా ఆ గడప తొక్కనివాణ్ణి. మేష్టారు నవ్వి, "ఆయ్, అలాగేనండి" అన్నారు. గోదావరి మర్యాదకు భయపడాలని నాకప్పుడు తెలియదు.

ఆ పొద్దున మా బావమరిది సునీల్ ఫోన్ చేశాడు. మూడేళ్లు తిండీ నిద్రా మాని అతను ఒక ఆల్బమ్ చేశాడు. ప్రోగ్రెసివ్ రాక్ అట.

"అంటే ఏంటోయ్?"

"యాభై ఏళ్ల కిందటి పెద్దల పద్ధతి, బావగారూ. పాత ఆర్గాన్, ఫ్లూటు, పన్నెండు తీగల గిటారు. అందులో మన గోదారి కలిపేను. ఒక్కో పాట ఇరవై నిమిషాలు."

"ఇరవై నిమిషాలా! నా ఉపన్యాసమే అంతుండదు."

"మీ ఉపన్యాసం గంటన్నర, బావగారూ. అందుకే మీ ఫోన్‌కి పంపేను. విని నాలుగు వాక్యాలు రాసిపెట్టండి. మొదట మూడు నిమిషాలు ఏమీ వినపడదు, ఏటి గాలంతే. తొందరపడి ముందుకు జరపకండి. ఓపిగ్గా కళ్లు మూసుకోండి."

కళ్లు మూసుకోవడం నా సిద్ధాంతానికి విరుద్ధం. అయినా కళ కోసం ఒప్పుకున్నాను.

మధ్యాహ్నం మా ఆవిడ బడికి వెళ్లాక కొత్త వైర్‌లెస్ ఇయర్‌ఫోన్లు చెవుల్లో కుక్కుకుని, మంచం మీద కూర్చుని ఫోన్లో పాట నొక్కాను. నిశ్శబ్దం. ఆహా, కళ! ఒక నిమిషం, రెండు, మూడు నిమిషాలు. నిశ్శబ్దాన్ని ఇంత బాగా వాయించినవాడు మరొకడు లేడనుకుంటూ తల కూడా ఊపాను.

అప్పుడు మోగింది. ఇయర్‌ఫోన్లో కాదు, బయట. చర్చి గంట.

మా ఇంటికీ చర్చికీ మధ్య ఒక్కటే గోడ. మా ఊళ్లో ఎవరైనా పోతే గంట కొడతారు, పోయినవారి వయసు ఎంతో అన్ని దెబ్బలు. ఊరంతా లెక్కపెట్టుకుంటూ ఎవరా అని ఆలోచిస్తుంది. నేనూ లెక్కపెట్టాను. ఏడు కొట్టి కాస్త ఆగింది. అయ్యో, పసివాడా! మళ్లీ ఏడు. మళ్లీ ఏడు. ఇరవై ఎనిమిది దాటింది. ముప్పై నాలుగు. ముప్పై అయిదు. ఆగిపోయింది.

ఊళ్లో ముప్పై అయిదేళ్లవాడు ఎవరు?

కిటికీలోంచి చూశాను. చర్చికి తాళం. గంట తాడు ఆకు కదిలినంతైనా కదలకుండా వేలాడుతోంది. ఒక చేత్తో రెండో చేతి నాడి పట్టుకున్నాను, అందలేదు. అంతలో ఆర్గాన్ మొదలైంది. మా చర్చి ఆర్గాన్ వాయించే శామ్యూల్ తాతగారు పోయి పన్నెండేళ్లు. ఆయనతోనే ఆ ఆర్గానూ మూలపడింది. తాళం వేసిన చర్చిలోంచి ఆ ఆర్గానే మోగుతోంది, లోతుగా, నెమ్మదిగా, నన్ను పిలుస్తున్నట్టు.

చెప్పేవి హేతువాద నీతులు, దూరేది మంచం కింద! అక్కడ పట్టక సగం బయటే మిగిలాను. మోకాళ్ల మీద వంగి, చిన్నప్పుడు సండే స్కూల్లో నేర్చిన ప్రార్థన అందుకున్నాను. గట్టిగా. రెండు వాక్యాలు గుర్తురాలేదు, వాటి చోట ఏడ్చాను.

"అమ్మో, బతికే ఉన్నాడే!"

గుమ్మంలో పక్కింటి మరియమ్మత్త, చేతిలో బంతిపూల దండ. వెనక పాతికమంది. అందరికన్నా ముందు ప్రకాశం మేష్టారు.

"ముప్పై అయిదు కొట్టింది కదండీ, ఊళ్లో ఆ వయసు మీ ఒక్కరిదే. ఎప్పుడు పోయేరోనని పరిగెత్తుకొచ్చేం" అంది అత్త ఒగరుస్తూ.

"నేను... పోలేదత్తా. అనుకుంటాను."

సరిగ్గా అప్పుడు చర్చి మైకులోంచి ఎలక్ట్రిక్ గిటారు కెవ్వుమంది. డ్రమ్ములు దడదడలాడాయి. పాతికమందీ నా గదిలోకి దూకారు.

"శామ్యూల్ గారు గిటారెప్పుడు నేర్చేరండీ?" అన్నారొకరు.

మేష్టారు మాత్రం మంచం మీది నా ఫోన్ వైపు వంగి చూశారు. "బాబూ, ఇదేదో నడుస్తోందండి" అని వేలితో నొక్కారు. మైకు ఆగింది. మళ్లీ నొక్కారు. మైకు మోగింది.

విషయం ఇదీ: కిందటి వారం రక్తదాన శిబిరానికి చర్చి మైకుసెట్టుకు నా ఫోన్ బ్లూటూత్‌తో నేనే కలిపాను. పొద్దుటి ప్రార్థన అయ్యాక సెట్టు ఎవరూ కట్టేయలేదు. ఇయర్‌ఫోన్లకు చార్జింగు లేదు. నా ఫోన్ గోడవతలి పాత స్నేహితుణ్ణి వెతుక్కుంది. గంట సునీల్ పాటలోది, ఆర్గానూ అతనిదే. ఏడు దెబ్బల తాళం, అయిదుసార్లు. నా చావు గంట నేనే మోగించుకున్నాను.

సాయంత్రం అమలాపురం వేదిక మీద గంటన్నర మాట్లాడాను, ఏం మాట్లాడానో తెలియదు. మేష్టారు ఒక్క నిమిషమే తీసుకున్నారు.

"నేను వాదించేదేం లేదండి. మొదటి బెంచీ తుడిపించేను. బాబు ప్రార్థనలో రెండు వాక్యాలు వదిలేసేరు. ఆదివారం కాస్త ముందొస్తే నేర్పుతాను."

ఆదివారం వెళ్లాను. మాట మీద నిలబడడమూ హేతువాదమే కదా. బెంచీ మెరిసిపోతోంది. సునీల్ ఆల్బమ్ అట్ట మీద నా వాక్యం ఒకటే ఉంది: "ఇది విని చచ్చి బతికినవాడి సిఫార్సు."

మానవ వివేకం సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: నిశ్శబ్దాన్ని మెచ్చుకునే ముందు అది ఎక్కణ్ణుంచి వస్తోందో చూసుకుంటాను. ఇక దెయ్యాల సంగతి. లేవు. ఎవరడిగినా, ఎక్కడడిగినా నిలబడి చెబుతాను. మోకాళ్ల మీద ఉన్నప్పుడు మాత్రం అడక్కండి.