మా గల్లీ డాబాలకు సున్నం వేయించిన ఓనర్ ఆంటీ

నిన్న కాలేజ్ ల్యాబ్‌ల ఉంటే అమ్మ ఫోన్ చేసింది.

"ఆంటీ లేదు బిడ్డా" అన్నది.

"ఏ ఆంటీ?"

"మన ఆంటీ."

అయినా నాకు ఎక్కలేదు. పొద్దున బస్సుకు ఉరుకుతుంటే గేట్ దగ్గర కనబడ్డది కదా. "ఏమ్మా, గదిలో ఫ్యాన్ ఆపే వచ్చావా?" అని అడిగింది. "ఆపిన ఆంటీ" అన్న. గంతే. కాఫీ తాగి కుర్చీల కూసున్నదంట. అట్లనే పోయిందంట.

రాజ్యలక్ష్మి ఆంటీ మా హౌస్ ఓనర్. సొంతూరు బాపట్ల. సైన్స్ టీచర్‌గ చేసి రిటైర్ అయింది. ఎల్బీనగర్‌ల ఇంటికి కింద ఆమె ఒక్కతే, పైన కిరాయికి మేము. నాయిన ఆటో నడుపుతడు, అమ్మ బట్టలు కుడుతది. మా ఇంట్ల బడికి పోయిన మొదటి మనిషిని నేను.

ఓనర్ పోతే కిరాయిదారులు ఏడ్చుడు ఎక్కడన్న చూసిన్రా? మా అమ్మ నిన్నటి సంది ఏడుస్తనే ఉన్నది.

మొదట్ల మేము ఆంటీని పిసినారి అనుకున్నం. ఖాళీ గదిల లైట్ వెలిగితే కింద నుంచి ఒక కేక. ట్యాంక్ నిండి నీళ్లు కారితే ఇంకా పెద్ద కేక.

ఒకరోజు నాయిన ఉండబట్టలేక అడిగిండు. "కరెంట్ బిల్లు మేమే కడ్తున్నం కదమ్మా, మీకేంది పరేషాన్?"

"బిల్లు మీరు కడతారు బాబూ. ఆ కరెంట్ కోసం కాలే బొగ్గు పొగ ఎక్కడికి పోతుంది? మీ అమ్మాయి పెద్దయ్యేసరికి ఈ ఎండలు ఇంకా ముదురుతాయి. నా బాధ అది."

నాయినకు సమజ్ కాలేదు. నిజం చెప్పాలంటే నాకు కూడ.

సమజ్ అయింది నా డిగ్రీ ఫైనల్ ఇయర్‌ల.

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్నది. బంద్‌లతోని పరీక్షలు జరిగి జరిగి ఎండాకాలం నడిమికి వచ్చినయి. మధ్యాహ్నం కరెంట్ ఉండకపోయేది. స్లాబ్ కింద మా గది పెనం లెక్క కాలేది. దిల్‌సుఖ్‌నగర్‌ల కాలేజ్‌కు పోయొచ్చి ఆ గదిలనే చదవాలె. ఒకరోజు చదువుతుంటనే కండ్లు తిరిగి పడిపోయిన. దవాఖానల సెలైన్ పెట్టిన్రు.

అమ్మ బ్యాగ్ సర్దింది. "పరీక్షలు వద్దు, ఏం వద్దు. పిల్ల బతికుంటే చాలు. నాదర్‌గుల్ అవతల ఊర్ల మా అన్న ఇంటికి తోలిస్త."

పోతే నా డిగ్రీ అక్కడికే ఆగిపోతదని నాకు తెలుసు.

ఆంటీ పైకొచ్చి అమ్మ పక్కన కూసున్నది. "కొద్దిరోజులు ఆగమ్మా. పిల్లని పంపడం కాదు, ముందు ఎండని పంపిద్దాం."

తెల్లారి సున్నం తెప్పించి గేట్ పక్కన డ్రమ్ముల నానబెట్టింది. తెల్లటి డాబా ఎండను తిప్పి కొడుతది, నల్లబడ్డది మింగుతది అని నాకు చెప్పింది. ఏసీ పెడితే మన గది చల్లబడుతది, ఆ వేడి పక్కింటోళ్ల కిటికీల పడుతది, అవతల బొగ్గు ఇంకింత కాలుతది అన్నది.

మర్నాడు సాయంత్రం చూస్తే డ్రమ్ము సగం ఖాళీ.

గల్లీ మలుపుల రోడ్డు మీద ఇంత పెద్ద తెల్లటి అక్షరాలు. జై తెలంగాణ.

రాసింది ఎవరో కాదు, మా పెదనాయిన కొడుకు శీనన్న, వాళ్ల దోస్తులు. తెల్లారితే బంద్.

నాయిన ఆటో దిగి ఆ రాత చూసిండు. "సున్నం ఆంధ్రా ఆమెది, రాసింది మనోడు. ఇగ ఇల్లు ఖాళీ చెయ్యమంటది." ఖాళీ చేస్తే నేను మామ ఊరికి పోవుడే.

ఆంటీ అద్దాలు పెట్టుకొని రోడ్డు మీదికి వచ్చింది. ఆ చివర నుంచి ఈ చివర దాకా చదివింది. శీనన్న తల గోక్కుంటు నిలబడ్డడు.

"అక్షరాలు బాగున్నాయి శీనూ. సున్నం మాత్రం పల్చగా కలిపావు. నా డాబా మీద ఇలా వేస్తే ఊరుకోను."

శీనన్న చేతికంటిన సున్నం ప్యాంటుకు తుడుచుకున్నడు.

"రేపు బంద్ కదా, మీకు పనేం ఉండదు. పొద్దున్నే చీపుళ్లు పట్టుకుని పైకి రండి. తగ్గిన సున్నం ఇప్పుడే తెచ్చి నానబెట్టండి. రేపు కొట్లు మూయించేది మీరేగా!"

అందరూ వచ్చిన్రు. డాబా కడిగి, ఎండకముందే ఒక పూత, ఎండినంక ఇంకో పూత.

"చూడున్రిరా, మా తెలంగాణ ఎండను కూడ ఆంధ్రోళ్లు ఎల్లగొడుతుండ్రు!" అన్నడు శీనన్న.

"ఎండంతా మీరే ఉంచుకోండి నాయనా, అందులో నాకు వాటా వద్దు."

నాయిన నవ్వుడు ఆ రోజే విన్న, ఎన్నో రోజులకు. ఆంటీ చేసిన పులిహోర తింటు కూడ రాష్ట్రం గురించి ఆమె, శీనన్న కొట్లాడిన్రు. ఆ కొట్లాట మొన్నటిదాకా తెగలేదు.

వేడి మొత్తం పోలేదు. కూసొని చదవగలిగేంత తగ్గింది. నాకు అంతే కావాలె.

అమ్మ బ్యాగ్ విప్పింది. పరీక్షలు రాసిన, పాసైన. ఇప్పుడు ఎమ్మెస్సీ ఫిజిక్స్.

మరుసటి ఎండాకాలం గల్లీల ఒక్కొక్క ఇంటోళ్లు అడుగుడు షురూ చేసిన్రు. మూల ఇంటి అంకుల్ ఏసీ కొనుడు ఆపిండు. బాలాపూర్ దిక్కు బస్సుల పోతుంటే "ఎన్ని నల్ల డాబాలో చూడమ్మా" అని ఆంటీ కిటికీల నుంచి చూపించేది.

"మనం సున్నం వేస్తే లోకం మారుతదా ఆంటీ?" అని అడిగిన ఒకసారి.

"ఒక్క దాంతో మారదు. ప్రభుత్వాలు చెయ్యాల్సింది చాలా ఉంది. గట్టిగా అడగాలి, మీరు రాష్ట్రం అడుగుతున్నట్టు. అడుగుతూ ఖాళీగా కూర్చోకూడదు, అంతే."

ఇయ్యాల పొద్దున బాపట్ల నుంచి ఆంటీ తమ్ముడు వచ్చిండు. ఆయన కుండ పట్టుకున్నడు. పాడె ముందు కొమ్ము శీనన్న మోసిండు.

వచ్చినంక డాబా ఎక్కినం. పోయినేడు వేసింది వానలకు లేచిపోయింది. ఎండలు ముదురుతున్నయి.

"ఈసారి ఎవరు చేపిస్తరు చెల్లే?" అన్నడు శీనన్న.

"నేను" అన్న.

దినాలు అయినంక మొదలుపెడ్త. ఈ పోస్ట్ చదివే మా కాలనీ వాళ్లు, మీ ఇంటికి కూడ వస్త, డాబా తాళం తీసి పెట్టున్రి.

పోయి రండి ఆంటీ. మీ మనసుకు నిమ్మళం దొరకాలె.